నలభై అయిదు పెద్దదా, ఎనిమిది పెద్దదా?

ప్రశ్న: సార్, నేను సిద్దిపేట జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఏడో తరగతిలో 42 మంది ఉన్నారు. మా దగ్గర ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) అంటే స్లిప్ టెస్ట్ పెట్టడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, అంతే. మొన్న ట్రైనింగులో ‘అసెస్‌మెంట్ రోజూ క్లాసులోనే జరగాలి, నెట్‌లో బోలెడు రిసోర్సులు ఉన్నాయి’ అని చెప్పి గ్రూపులో పాతిక లింకులు పెట్టారు. రెండు రాత్రులు కూర్చుని చూశాను. కహూట్, క్విజిజ్, ప్లికర్స్ లాంటి క్విజ్ యాప్‌లు, గూగుల్ ఫామ్స్, ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష... అన్నీ ఫోన్లోకి ఎక్కాయి, ఒక్కటీ క్లాసులోకి దిగలేదు. పిల్లల దగ్గర ఫోన్లు లేవు. ఉన్నది నా ఫోను, నా డేటా. హెచ్ఎం గారేమో ‘ముందు సిలబస్ కానియ్యమ్మా’ అంటారు. వీటిలో నాకు నిజంగా పనికొచ్చేది ఏది? రోజూ 42 స్లిప్పులు దిద్దడం అయ్యే పనేనా?
– ఒక లెక్కల టీచర్

జవాబు: టీచర్ గారూ, రోజూ వాడటానికి ఆ యాప్‌లలో ఒకటి ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి. ఏది ఉంచుకోవాలో చెప్తాను. అంతకంటే ముందు బోర్డు మీద ఒక లెక్క వేద్దాం.

0.45, 0.8, 0.125. వీటిలో ఏది పెద్దది?

మీ ఏడో తరగతిలో ఈ ప్రశ్న వేస్తే ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి ‘0.8’ అంటుంది. మీరు ‘వెరీ గుడ్’ అంటారు. ‘అందరికీ అర్థమైందా?’ అని అడుగుతారు. ‘అయిందీ’ అని రాగం వస్తుంది. తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. నేనూ పన్నెండేళ్లు అదే చేశాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన ఇళ్లలో అంటారు కదా. అన్నానికి చాలుతుంది, ఎందుకంటే కుండ ఒకటే, మంట ఒకటే. క్లాసు అలా కాదు. 42 మంది 42 పొయ్యిల మీద ఉన్నారు. ముందు బెంచీ మెతుకు పట్టి చూసి దించేస్తే వెనక బెంచీల్లో బియ్యం బియ్యంగానే ఉంటుంది.

ఒకరోజు ఎందుకో వెనకనున్న పిల్లాణ్ణి అడిగాను. ‘0.125 సార్’ అన్నాడు. ఎట్లా అన్నాను. ‘నూట ఇరవై అయిదే పెద్దగుంటది గద సార్, ఎనిమిది గింతే ఉంటది’ అని వేళ్లతో చూపించాడు. వాడు బద్ధకస్తుడు కాదు, వినని వాడూ కాదు. పాయింటు తర్వాత ఉన్నదాన్ని మామూలు అంకెలాగే చదువుతున్నాడు. అలా చదవడం నేర్పింది నేనే. ‘సున్నా పాయింట్ నూట ఇరవై అయిదు’ అని బోర్డు ముందు నిలబడి నేనే పలికేవాణ్ణి. రూపాయల ఉదాహరణ చెప్తే సరిపోతుందనుకుంటాం. డబ్బుల్లో పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి. 0.45, 0.80 అని రాస్తాం. అక్కడ నలభై అయిదు కంటే ఎనభై పెద్దదని మామూలు లెక్కతోనే సరైన జవాబు వచ్చేస్తుంది. తప్పు దాక్కుంటుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 0.3, 0.35, 0.275. ఏది పెద్దది?

మొదటి ప్రశ్నకు 0.8 అని సరిగ్గా చెప్పినవాళ్లలో కొందరు ఇక్కడ 0.3 అంటారు. వాళ్ల లెక్క వేరు. పదో వంతు పెద్ద ముక్క, నూరో వంతు చిన్న ముక్క, కాబట్టి పాయింటు తర్వాత ఎన్ని తక్కువ అంకెలుంటే అంత పెద్ద సంఖ్య అనుకుంటారు. మొదటి ప్రశ్నలో ఈ తప్పుడు సూత్రంతోనే వాళ్లకు సరైన జవాబు దొరికింది. మీరు ‘వెరీ గుడ్’ అన్నది ఆ తప్పుకే. 0.275 అన్నవాళ్లు మా వెనక బెంచీ పిల్లాడి జట్టు. 0.35 అన్నవాళ్లకు, రెండు ప్రశ్నల్లోనూ సరిగ్గా చెప్తే, విషయం తెలిసినట్టే లెక్క. రెండు ప్రశ్నలు, నాలుగు నిమిషాలు. క్లాసు మూడు గుంపులుగా విడిపోయి కనబడుతుంది.

ఇదే నిర్మాణాత్మక మూల్యాంకనం. ఫోను ఇందులో ఇంకా రాలేదు, గమనించారా? మీ రెండు రాత్రులు వృథా కావడానికి కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. మీరు జవాబులు పోగుచేసే పనిముట్లు వెతికారు. వెతకాల్సింది ప్రశ్నలు. ఎందుకంటే ఇలాంటి ప్రశ్న తయారు చేయడం చాలా కష్టం. ప్రతి తప్పు జవాబు వెనకా ఒక తప్పుడు ఆలోచన ఉండాలి, ఏ ఆప్షన్ ఎంచుకున్నాడో చూస్తే పిల్లాడి బుర్రలో ఏముందో తెలియాలి. మన గైడ్లలోని బిట్లు అలా ఉండవు. మూడు చెత్త ఆప్షన్లు, ఒక సరైనది. నెట్ నిజంగా ఆదుకునేది ఇక్కడే.

పై రెండు ప్రశ్నలూ నేను అల్లుకున్నవే గానీ, ఆ ఆలోచన నాది కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కేయ్ స్టేసీ, విక్కీ స్టైన్లే అనే ఇద్దరు పరిశోధకులు, పిల్లలు దశాంశాలను ఎలా పోలుస్తారన్న ఒక్క విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ‘పొడుగున్నదే పెద్దది’ అనేవాళ్లు, ‘పొట్టిదే పెద్దది’ అనేవాళ్లు అని పిల్లల్ని విడదీసి చూపించారు. స్టేసీ బృందం ఆ తర్వాత స్మార్ట్ టెస్ట్స్ పేరుతో ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పరీక్షలు తయారుచేసింది. అవి మార్కులివ్వవు. పిల్లవాడు ఏ దశలో ఉన్నాడు, ఎలా ఆలోచిస్తున్నాడు అన్నది టీచరుకు చెప్తాయి.

మీకు రోజూ పనికొచ్చేది డయాగ్నొస్టిక్ క్వశ్చన్స్ అనే సైటు. ఇంగ్లండులో లెక్కల టీచరుగా పనిచేసిన క్రెయిగ్ బార్టన్ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. అక్కడ ప్రతి ప్రశ్నకూ నాలుగే ఆప్షన్లు, ప్రతి తప్పు ఆప్షనూ ఒక అపోహకు పెట్టిన ఎర. టాపిక్ పేరు కొట్టి వెతకండి. ప్రశ్న ఇంగ్లిషులో ఉంటుంది గానీ లెక్కల్లో అంకెలే ఎక్కువ. రెండు వాక్యాలు తెలుగు చేసుకుని బోర్డు మీద రాసుకోవడానికి ఎంతసేపు? ఆదివారం సాయంత్రం అరగంట కూర్చుంటే వారానికి సరిపడా ఆరు ప్రశ్నలు దొరుకుతాయి. ఆరు చాలు. అరవై దించుకుంటే మళ్లీ మీ పాతిక లింకుల కథే.

ఇంకొంచెం లోతుగా వెళ్లాలనిపించినప్పుడు మ్యాథమెటిక్స్ అసెస్‌మెంట్ ప్రాజెక్ట్ చూడండి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని షెల్ సెంటర్, అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని. 6వ తరగతి నుంచి హైస్కూలు దాకా 100 పాఠాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఉన్నాయి. ఆ పాఠాలు మన పీరియడుకు యథాతథంగా సరిపోవు, పెద్దవి. నేను వాటిని పాఠం కోసం చూడను. ప్రతి పాఠంలోనూ ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు పిల్లలు సాధారణంగా చేసే తప్పులు, కుడివైపు ఆ తప్పు చేసినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నలు. ‘తప్పు, ఇలా చెయ్యి’ అని చెప్పదు. ‘నీ జవాబు సరైనదైతే ఇంకో దగ్గర ఏమవుతుంది?’ అని పిల్లాడే తన తప్పును పట్టుకునేలా అడిగిస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న టీచరు పక్కన కూర్చుని చెవిలో చెప్తున్నట్టుంటుంది ఆ పట్టిక. నేను పది పాఠాల పట్టికలు మాత్రం ప్రింటు తీయించి అట్ట వేయించుకున్నాను.

సరే, ఇక పనిముట్టు. 42 మంది జవాబు ఒకేసారి కనబడాలి, ఒకరిది చూసి ఇంకొకరు మార్చుకోకూడదు. దీనికి మన దగ్గర అనాదిగా ఉన్న పరికరం పలక. హైస్కూల్లో పలకేంటని మనం దాన్ని అటకెక్కించాం. ఇంగ్లండు క్లాసుల్లో తెల్లరంగు పలకలు పిల్లలందరి చేతిలో పెట్టి, మినీ వైట్‌బోర్డ్ అని పిలిచి, ఇప్పుడు మనకే ట్రైనింగుల్లో చూపిస్తున్నారు. ‘మూడు లెక్కపెట్టగానే పలకలు పైకి’ అనండి. అంతే. పలకలు లేకపోతే వేళ్లు. ఎ అయితే ఒకటి, బి అయితే రెండు, చెయ్యి గుండె దగ్గర పెట్టి చూపించాలి. తల మీదకెత్తితే పక్కవాడు చూస్తాడు.

దీనికి పైమెట్టు ప్లికర్స్. మీ ఫోన్లో ఉంచుకోమన్న ఒక్కటీ అదే. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఉంటుంది. మధ్యలో నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు అంచుల మీద చిన్నగా ఎ, బి, సి, డి. ఏ జవాబు అనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. ప్రతి కార్డు బొమ్మా వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసినా ఏమీ తెలియదు. మీరు ముందు నిలబడి ఫోను కెమెరాను మెల్లగా క్లాసు మీదుగా తిప్పితే ఎవరు ఏది చూపించారో తెర మీదకు వచ్చేస్తుంది. మామూలు సెట్టులో 40 కార్డులుంటాయి. మీకు 42 మంది కాబట్టి 63 కార్డుల పెద్ద సెట్టు దించుకోండి.

కొన్ని చిట్కాలు, దెబ్బ తిని నేర్చుకున్నవి. కార్డుల మీద మెరిసే లామినేషన్ చేయించకండి. నేను ముచ్చటపడి చేయించాను. కిటికీ వైపు వరసంతా వెలుగు పడి తళుక్కుమని, ఫోను ఒక్కటీ చదవలేదు. మందం కాగితం మీద మామూలు జిరాక్సు చాలు. వేళ్లు నల్లబొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పండి. కార్డు నంబరు రోల్ నంబరుతో కలిసేలా ఇవ్వండి. యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించకండి, నంబర్లు చాలు. మన పిల్లల పేర్లు, మార్కులు ఎక్కడో విదేశీ సర్వర్‌లో ఎందుకు? ప్రశ్నను తెలుగులో టైపు చేయలేక ఆగిపోకండి. ప్రశ్న బోర్డు మీద రాసి, యాప్‌లో ఊరికే ‘ప్రశ్న 1’ అని పెట్టి సరైన అక్షరం గుర్తు పెడితే పని అయిపోతుంది. ఇది నెట్‌తోనే నడుస్తుంది. మీ గదిలో సిగ్నల్ గోడవారగా ఒక్క గీత మాత్రమే వచ్చే రకమైతే, మొహమాటపడకుండా పలకలకు వెళ్లిపోండి.

కహూట్, క్విజిజ్ సంగతి. క్విజిజ్ బెంగళూరులో పుట్టింది, ఇప్పుడు పేరు వేగ్రౌండ్ అని మార్చుకుంది. సరదాకు బాగుంటాయి. నాకు ముఖ్యంగా కహూట్‌తో ఒక పేచీ ఉంది. త్వరగా నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు. నిదానంగా ఆలోచించే పిల్ల మూడో ప్రశ్నకల్లా ఆశ వదులుకుంటుంది. ఆగస్టు 15కో పండగ సెలవుల ముందు రోజుకో దాచుకోండి. గూగుల్ ఫామ్స్ ఇంటికిచ్చే పనికి పర్వాలేదు, కానీ ఒకే ఫోనులో అన్నా చెల్లెలూ అమ్మా కలిసి నింపిన జవాబులు చూసి పిల్లకు వచ్చింది అనుకోవద్దు.

దీక్ష మీద చాలామంది పెదవి విరుస్తారు. నాకు అంత నిరాశ లేదు. 2017 సెప్టెంబరు 5న మొదలైంది, తెలుగులో సామగ్రి ఉంది, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పిల్లలకు చూపించే ముందు మీరొక్కసారి చూడండి. కొన్ని బాగుంటాయి, కొన్ని పుస్తకం గట్టిగా చదివినట్టుంటాయి. అసెస్‌మెంటుకు నేరుగా ఉపయోగపడేవి తక్కువే. తప్పు బయటపడిన తర్వాత దిద్దుకోవడానికి ఏదైనా చూపించాలంటే అక్కడ వెతకండి. భిన్నాలకైతే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద జరిపి చూసే బొమ్మలు) తెలుగులో కూడా ఉన్నాయి. మీ స్కూల్లో ప్యానెల్ బోర్డు (చేత్తో తాకి నడిపే పెద్ద తెర) ఉంటే పిల్లలే వచ్చి ముక్కలు జరుపుతారు. ఏఐ చాట్‌బోట్‌ను కూడా నేను అప్పుడప్పుడు వాడతాను, ‘ఈ లెక్కలో పిల్లలు చేసే తప్పులు నాలుగు చెప్పు’ అని. ప్రశ్న తయారు చేయమంటే మాత్రం జవాబు నేను చేతితో చేసి చూసుకోకుండా క్లాసుకు పట్టుకెళ్లను. తెలుగులో దాని లెక్కల భాష ఇంకా గందరగోళమే. ‘హారం’ అనాల్సిన చోట ఒకసారి ‘నెక్లెస్’ అన్నట్టుగా ఏదో వివరించింది!

ఇప్పుడు మీ 42 స్లిప్పులు. రోజూ దిద్దడం ఎవరి వల్లా కాదు, దిద్దొద్దు కూడా. వారానికి రెండుసార్లు, బెల్లుకు నాలుగు నిమిషాల ముందు, పావు కాగితం మీద ఒకే ప్రశ్న. గుమ్మం దగ్గర మీరు నిలబడి తీసుకోండి. స్టాఫ్‌రూములో టీ తాగుతూ వాటిని మూడు కుప్పలు చేయండి. వచ్చింది, దారిలో ఉంది, దారి తప్పింది. పెన్ను తీయకండి. నాకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మూడో కుప్ప నాలుగైదు కాగితాలే ఉంటే మర్నాడు మీరు నడుస్తూ ఆ నలుగురి దగ్గర ఆగుతారు. సగం క్లాసు అందులో ఉంటే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. మొదటికి రావడమంటే అదే పాఠం ఇంకాస్త గట్టిగా చెప్పడం కాదు. మా దశాంశాల గొడవలో నేను మర్నాడు టైలరు టేపు పట్టుకెళ్లాను. మీటరులో 0.3 ఎక్కడుందో గోడ మీద గీత పెట్టమన్నాను, 30 సెంటీమీటర్ల దగ్గర పెట్టారు. 0.35కు 35 దగ్గర. 0.275 అనగానే మా వెనక బెంచీ హీరో టేపు చివరికి నడిచాడు, మీటరు అయిపోయింది, ఇంకా గోడ వెతుక్కుంటున్నాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, 27 దాటి సగం దగ్గర గీత పెట్టి, ‘గిదే చిన్నగున్నది సార్’ అన్నాడు. నేనేమీ చెప్పలేదు.

ఆ స్లిప్పుల మీద మార్కులు ఎందుకు వేయొద్దంటున్నానో చెప్పాలి. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు బడి పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి పని మీద వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చారు, కొందరికి మార్కు మాత్రమే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లు? మార్కు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మనం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఎర్ర పెన్నుతో రాసిన రెండు వాక్యాలు ఆ పక్కనున్న 7/10 తినేస్తుందన్నమాట. పిల్లలకు నోటుబుక్కులు ఇచ్చినప్పుడు చూడండి, ముందు అంకె, తర్వాత పక్కవాడి అంకె, తర్వాత మూసేయడం. పైన చెప్పిన ఆ 100 పాఠాల్లోనూ ముందస్తు పనికి మార్కులు వేయొద్దనే టీచర్లకు సూచన ఉంటుంది.

‘మరి ఎఫ్ఏ మార్కులు ఎలా ఎక్కించాలి?’ అంటారు. ఎక్కించక తప్పదు. ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన కొత్తలో, నేను అప్పుడు పనిచేసిన స్కూల్లో, గడువుకు ముందు రాత్రి ఎఫ్ఏ-1 రిజిస్టరు పక్కన పెట్టుకుని ఎఫ్ఏ-2 నింపాను. 17 వచ్చినవాడికి 18, 18 వచ్చినవాడికి మళ్లీ 18, మరీ అన్నీ పెరిగితే అనుమానమొస్తుందని ఇద్దరికి ఒకటి తగ్గించాను. ఎవరూ అడగలేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెప్పేది పిల్లల అవగాహనను, తెలిసినదాన్ని వాడే శక్తిని నిరంతరం, సమగ్రంగా మదింపు చేయమని. దాన్ని మనం ఏడాదికి నాలుగు చిన్న పరీక్షలు, రెండు పెద్ద పరీక్షలుగా మార్చేసుకున్నాం. ఎఫ్ఏలో స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు, ‘పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు’ అనే సాధనం కూడా ఉందని మీకు తెలుసు. దాన్ని మనమంతా మొహం చూసి నింపుతాం. మీ కుప్పలు, ప్లికర్స్ రికార్డు ఆ గడికి పనికొస్తాయి. కాకపోతే ఒక షరతు. సెప్టెంబరులో ‘దారి తప్పింది’ కుప్పలో ఉన్నందుకు మార్కు కోయకండి. అక్కణ్ణించి ఎక్కడికొచ్చాడో చూసి వేయండి. స్లిప్పులో తప్పు రాస్తే మార్కు పోతుందని తెలిసిన మరుక్షణం పిల్లలు పక్కవాడిది చూసి రాస్తారు, మీకు మళ్లీ 42 సరైన జవాబులు, ముందు బెంచీ అమ్మాయి చేతిరాత.

హెచ్ఎం గారితో వాదనకు దిగకండి. సిలబస్ ఆయనకు పైనుంచి వచ్చే ఒత్తిడి, చుట్టుపక్కల బడుల కాంప్లెక్స్ మీటింగులో అడిగేది ఆయన్నే. మూడు కుప్పలు తీసుకెళ్లి ఆయన టేబులు మీద పెట్టండి. ‘సార్, దశాంశాల పోలిక అయిపోయిందని డైరీలో రాశాను, ఇవి నిన్నటి కాగితాలు’ అనండి. లెక్కలాయనైనా కాకపోయినా 0.3 పెద్దదని రాసిన ఇరవై కాగితాలు చూసి ‘ముందుకు పోమ్మా’ అనే హెచ్ఎంను నేనింతవరకూ చూడలేదు. ఒకాయన మాత్రం ‘సోషల్లో కూడా ఇట్లా చేయొచ్చా?’ అని అడిగాడు. మ్యాపు మీద గోదావరి ఏ దిక్కుకు పారుతుందో బాణం గీయమని చూడండి అన్నాను. పడమర వైపు ఎన్ని బాణాలొచ్చాయో ఆ తర్వాత నాకు ఫోన్ చేసి చెప్పాడు.

వారానికి రెండుసార్లు, ఒక్క ఏడో తరగతితోనే మొదలుపెట్టండి. మిగతా తరగతుల్లో మీరు ఇప్పుడు చేస్తున్నట్టే చేయండి, దసరా దాకా. ఈ సోమవారం 0.45, 0.8, 0.125 ముందు వేయండి, తర్వాత 0.3, 0.35, 0.275. మొదటిదానికి 0.8 అని చెప్పి రెండోదానికి 0.3 అన్నవాళ్లు మీ క్లాసులో ఎంతమందో లెక్కపెట్టి నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి. మా స్కూల్లో తొమ్మిది మంది తేలారు. అందులో ముందు బెంచీ అమ్మాయి కూడా ఉంది.